పడక పక్కన బీపీ అంకె: తప్పు ఎక్కువగా పట్టీలోనూ మట్టంలోనూ ఉంది

దాళ్వా కోతలు పూర్తయ్యాక గోదావరి డెల్టాలో ఏ ధాన్యం కొనుగోలు కేంద్రానికి వెళ్లినా తేమ శాతం గురించిన వాదన వినిపిస్తుంది. అనుమతించిన పరిమితి 17 శాతం. కేంద్రం దగ్గర మీటరు 17 చూపించి, అదే ధాన్యానికి మిల్లు దగ్గర మీటరు 19 చూపిస్తే రైతు ఊరుకోడు. ఏ మీటరు సరైనదో తేల్చమంటాడు, గింజలు మళ్లీ పోయమంటాడు, కాటా మీద తూనికలు కొలతల శాఖ ముద్ర ఉందో లేదో వంగి చూస్తాడు. అదే రైతు తండ్రిని ఆసుపత్రిలో చేర్చినప్పుడు, పడక పక్కన మానిటర్ మీద వెలిగే బీపీ అంకెను మాత్రం ప్రశ్నించకుండా నమ్ముతాడు. నర్సు నమ్ముతుంది, చాలాసార్లు వైద్యుడూ నమ్ముతాడు. సెలైన్ వేగం పెంచాలా, బీపీ పెంచే నార్‌అడ్రినలిన్ మొదలుపెట్టాలా, రోగిని కాకినాడ పెద్దాసుపత్రికి పంపాలా అన్నవి చాలావరకు ఆ అంకెను బట్టే తేలుతాయి. అంత బరువు మోసే అంకె ఎలా పుడుతోందో, ఎక్కడ తప్పుతోందో తెలుసుకునే ప్రయత్నం మన ఆసుపత్రుల్లో జరగవలసినంత జరగడం లేదు.

ఈ విషయం మీద నాకు పట్టింపు ఏర్పడింది మా అమ్మ మంచం పక్కన. డెల్టాలోని ఒక పట్టణంలో, ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్‌తో ఆమెను ఐసీయూలో ఉంచారు. రాత్రి రెండు గంటల వేళ అలారం మోగింది. తెర మీద 86/48 అని ఉంది. అప్పుడే డ్యూటీలోకి వచ్చిన కుర్ర నర్సు మందు పంపు దగ్గరకు వెళ్లబోతుంటే, పక్క పడక దగ్గరున్న పెద్ద సిస్టర్ వచ్చి ఒక్క క్షణం చూసి, "ఆగండి బాబూ, ముందు అమ్మని వెల్లకిలా పడుకోబెడదాం" అన్నారు. అమ్మ ఎడమ పక్కకు తిరిగి పడుకుంది. బీపీ పట్టీ కుడి చేతికి ఉంది. ఆ చెయ్యి ఒంటి మీదుగా పైకి లేచి, గుండె కన్నా జానెడు ఎత్తులో ఉంది. ఆమెను వెల్లకిలా తిప్పి, చేతిని పక్కన ఆనించి, మళ్లీ బటన్ నొక్కితే 102/60 వచ్చింది. యంత్రంలో ఏ లోపమూ లేదు. పట్టీ ఉన్నచోట ధమనిలో ఉన్న ఒత్తిడినే అది చెప్పింది. ఆ చోటు మాత్రం గుండె మట్టంలో లేదు.

దీని వెనుక ఉన్న లెక్క సులువైనది. రక్తం సాంద్రత నీటికి కాస్త ఎక్కువ, బీపీని మిల్లీమీటర్లలో చెప్పడానికి ఆధారమైన పాదరసం నీటికన్నా 13.6 రెట్లు బరువు. కాబట్టి పట్టీ గుండెకు ఒక సెంటీమీటరు పైకి పోతే అంకె ముప్పాతిక మిల్లీమీటరుకు పైగా తగ్గుతుంది, కిందికి పోతే అంతే పెరుగుతుంది. పది సెంటీమీటర్ల తేడాకు ఏడున్నర నుంచి ఎనిమిది, జానెడు తేడాకు పదిహేను పైచిలుకు. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది అని లంక గ్రామాల్లో చదువురాని వారికి కూడా తెలుసు. 2022 జూలైలో నీటిమట్టం 21 అడుగులు దాటినప్పుడు సామాను ఎప్పుడు సర్దుకోవాలో వారు ఆ అంకెను బట్టే నిర్ణయించుకున్నారు. ఆ కొలబద్ద సున్నా గీతను ఎవరైనా ఒక అడుగు జరిపితే ఏమవుతుందో వారికి విడమరిచి చెప్పనక్కరలేదు. పడక పక్కన ఆ సున్నా గీత రోగి గుండె. రోగి ఒత్తిగిలిన ప్రతిసారీ, మంచం తల ఎత్తిన ప్రతిసారీ అది కదులుతూనే ఉంటుంది.

మట్టం తరువాత చూడవలసింది పట్టీ. 1896లో ఇటలీ వైద్యుడు రివా-రోచీ చేతికి గాలిపట్టీ కట్టి పాదరసంతో కొలిచే పద్ధతి తెచ్చాడు. 1905లో రష్యా వైద్యుడు కొరొట్కాఫ్ స్టెతస్కోపుతో ధమని చప్పుళ్లు వినడం నేర్పాడు. నేటి మానిటర్ చప్పుళ్లు వినదు. పట్టీని ఉబ్బించి, గాలిని మెల్లగా వదులుతూ, నాడి కొట్టుకున్నప్పుడల్లా పట్టీలోని గాలిలో పుట్టే చిన్న కదలికలను గమనిస్తుంది. ఆ కదలికలు ఎక్కడ అతి పెద్దవిగా ఉంటాయో అది దాదాపుగా సగటు పీడనం, అంటే గుండె ఒకసారి కొట్టుకునే వ్యవధి మొత్తంలో ధమనిలో ఉండే ఒత్తిడి సగటు. మనం అడిగే పై అంకె, కింది అంకెలను యంత్రం నేరుగా కొలవదు, తయారీ సంస్థ తన దగ్గరే ఉంచుకున్న సూత్రంతో లెక్కగట్టి చెబుతుంది. అందుకే ఒకే చేతికి రెండు కంపెనీల మానిటర్లు పెడితే రెండు రకాల అంకెలు రావడంలో వింత లేదు. ఆ లెక్కకు ముడిసరుకు పట్టీ నుంచి వచ్చే కదలికలే కనుక, పట్టీ కొలత తప్పితే తరువాత ఎంత ఖరీదైన తెర ఉన్నా ఉపయోగం లేదు.

పట్టీ లోపలి గాలితిత్తి వెడల్పు చేతి చుట్టుకొలతలో 40 శాతం, పొడవు 80 శాతం ఉండాలని వైద్య మార్గదర్శకాలు ఎప్పటినుంచో చెబుతున్నాయి. ఇది పాటించకపోతే ఎంత నష్టమో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు 195 మంది పెద్దల మీద చూసి 2023లో ప్రచురించారు. చిన్న పట్టీ అవసరమైన వారికి మామూలు పట్టీ కడితే పై అంకె సగటున 3.6 తక్కువగా, పెద్ద పట్టీ అవసరమైన వారికి మామూలుది కడితే 4.8 ఎక్కువగా, అతి పెద్ద పట్టీ కావలసిన వారికి మామూలుదే కడితే ఏకంగా 19.5 ఎక్కువగా వచ్చింది. మన వార్డుల్లో ఈ రెండు కొసలూ కనిపిస్తాయి. ఒక పడక మీద ముప్పై అయిదు కిలోల ముసలమ్మ, ఆమె జబ్బ చుట్టూ పట్టీ రెండు చుట్లు తిరుగుతుంది. పక్క పడక మీద బలమైన చేతుల ఆక్వా రైతు, ఆయనకు అదే పట్టీ వెల్క్రో అంచు దగ్గర కూడా అందక, గాలి నిండగానే విడిపోతుంది. మొదటి ఆమె బీపీ తక్కువగా, రెండో ఆయన బీపీ ఎక్కువగా చీటీ మీదకు ఎక్కుతాయి. మానిటర్‌తో వచ్చిన ఒకే ఒక్క పట్టీ చిరిగే వరకు అందరికీ అదే. రవిక చేతిని, చొక్కా చేతిని బిగుతుగా పైకి మడిచి, దాని కిందే పట్టీ చుట్టడం మరో అలవాటు. ఆ మడతే సగం పట్టీలా ధమనిని నొక్కేస్తుంది.

ఇక ధమనిలోకే సన్నని గొట్టం వేసి నిరంతరం కొలిచే ఆర్టీరియల్ లైన్ ఉంటే ఈ బాధలన్నీ తీరతాయన్న నమ్మకం ఒకటుంది. అది సగమే నిజం. అక్కడ పట్టీ సమస్య పోతుంది, మట్టం సమస్య ఇంకా పదునెక్కుతుంది. గొట్టంలోని ఒత్తిడిని విద్యుత్ సంకేతంగా మార్చే ట్రాన్స్‌డ్యూసర్‌ను రోగి నాలుగో పక్కటెముకల సందుకు, చంక మధ్య గీతకు ఎదురుగా ఉంచి, అక్కడ సున్నా చేయాలి. చాలాచోట్ల అది సెలైన్ స్టాండుకు బిగించి ఉంటుంది. స్నానం చేయించడానికో ఎక్స్‌రే కోసమో మంచాన్ని పది సెంటీమీటర్లు పైకి లేపి అలాగే వదిలేస్తే, స్టాండు మీది ట్రాన్స్‌డ్యూసర్ కిందే ఉండిపోతుంది. అప్పుడు తీవ్రమైన ఇన్ఫెక్షన్‌తో సగటు పీడనం 58కి పడిపోయిన రోగి తెర మీద 65 దాటి, లక్ష్యం చేరినట్టే కనిపిస్తాడు. అలారం మోగదు, ఎవరూ పరుగెత్తుకు రారు. నా దృష్టిలో ఐసీయూలో అన్నిటికన్నా ప్రమాదకరమైన తప్పు ఈ నిశ్శబ్దపు తప్పే.

మన తాపీమేస్త్రీలు పునాది దగ్గర మట్టం చూడటానికి పారదర్శక గొట్టంలో నీళ్లు నింపి రెండు కొసలూ పట్టుకుంటారు, గోడ లేచాక రసమట్టం పెడతారు. ట్రాన్స్‌డ్యూసర్ మట్టం చూడటానికి కూడా అంతకు మించిన పరికరం అక్కరలేదు. ఆ రసమట్టం ఐసీయూలో గోడకు వేలాడుతూ ఉండాలి, ప్రతి షిఫ్టు మొదట్లో, రోగిని కదిపిన ప్రతిసారీ చేతిలోకి రావాలి. దాంతోపాటు అర నిమిషం పట్టే మరో పరీక్ష ఉంది. 300 మి.మీ. ఒత్తిడిలో ఉన్న సంచి నుంచి సెలైన్‌ను ఒక్కసారిగా వదిలి ఆపితే తెర మీద గీత నిలువుగా లేచి, చదునుగా నిలిచి, నిలువుగా దిగుతుంది. దిగాక ఒకటి రెండు సార్లు ఊగి మామూలు అలలోకి వస్తే గొట్టం బాగున్నట్టు. అసలు ఊగకుండా మందంగా కలిసిపోతే లోపల గాలిబుడగో, గడ్డకట్టిన రక్తమో, మెలిక పడిన గొట్టమో ఉంది, పై అంకె తగ్గి కింది అంకె పెరుగుతుంది. మరీ ఎక్కువసార్లు ఊగితే పై అంకె లేనిపోని ఎత్తుకు పోతుంది. రెండు సందర్భాల్లోనూ సగటు పీడనం పెద్దగా చెడదు. ఐసీయూలో నిర్ణయాలు సగటును చూసి తీసుకోమనడానికి ఇది ఒక ముఖ్య కారణం. తెర మీద బ్రాకెట్లలో చిన్న అక్షరాలతో కనిపించే ఆ మూడో అంకెను పెద్దదిగా పెట్టుకునే సదుపాయం చాలా మానిటర్లలో ఉంది, దాన్ని మార్చుకోవడానికి ఖర్చేమీ లేదు.

పట్టీ కొలత, మట్టం రెండూ సరిగా ఉన్నా యంత్రం తడబడే రోగులు కొందరున్నారు. గుండె లయ తప్పి కొట్టుకునేవారిలో ఒక్కో దెబ్బకు ఒక్కో ఒత్తిడి ఉంటుంది కాబట్టి ఒక కొలతను నమ్మకూడదు, రెండు మూడు తీసి సగటు చూడాలి. అవయవాలకు రక్తం చాలినంత అందని షాక్‌లో ఉన్నవారి విషయం ఇంకా కీలకం. బోస్టన్‌లోని ఒక ఆసుపత్రి ఐసీయూ రికార్డులను విశ్లేషించి 2013లో వెలువడిన అధ్యయనంలో, బీపీ బాగా పడిపోయినప్పుడు పట్టీ చూపిన పై అంకె ఆర్టీరియల్ లైన్ కన్నా ఎక్కువగా ఉందని తేలింది. అంటే నిజంగా ఆపదలో ఉన్నప్పుడే పట్టీ ధైర్యం చెబుతుంది. అక్కడ కూడా సగటు పీడనాలు రెండిట్లోనూ దగ్గరగానే ఉన్నాయి.

మూడో వర్గం గర్భిణులు. గర్భిణికి బీపీ పెరిగి గుర్రపువాతానికి (మూర్ఛలకు) దారితీసే ప్రీఎక్లాంప్సియాలో కొన్ని యంత్రాలు బీపీని ఉన్నదానికన్నా తక్కువగా చూపిస్తాయి. 160/110 దాటితే 30 నుంచి 60 నిమిషాల్లో మందు పడాలన్నది ప్రసూతి వైద్యంలో నియమం. యంత్రం 148 అని చూపితే ఆ గడియారం మొదలే కాదు. గర్భిణుల మీద విడిగా పరీక్షించి నెగ్గిన యంత్రాలు తక్కువ. బ్రిటన్‌లోని కింగ్స్ కాలేజీ పరిశోధకుల కృషితో వచ్చిన క్రేడిల్ పరికరం వాటిలో ఒకటి. అది ఫోన్ చార్జర్‌తో పనిచేస్తుంది, ప్రమాద స్థాయిని ఎరుపు, పసుపు, ఆకుపచ్చ దీపాలతో చూపుతుంది. దాన్ని భారత్ సహా పలు దేశాల్లో పరీక్షించినప్పుడు తల్లుల ప్రాణాపాయాలు తగ్గాయని నిర్ధారణగా తేలలేదన్నది కూడా చెప్పాలి. సరైన అంకె వచ్చాక కదలవలసిన వ్యవస్థ వేరే ఉంటుంది. అయినా ప్రసూతి వార్డుకు మానిటర్ కొనేటప్పుడు గర్భిణులలో పరీక్షించిన రుజువు అడగకపోవడానికి నాకు ఏ సమర్థనా కనిపించదు.

రుజువు అంటే ఏమిటో కూడా తెలిసి ఉండాలి. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం సాధారణంగా కనీసం 85 మంది మీద కొలిచి, సగటు తేడా 5 మి.మీ. లోపు, ఆ తేడాల విస్తరణ (ప్రామాణిక విచలనం) 8 లోపు ఉంటే యంత్రం నెగ్గినట్టు. సగటు తేడా సున్నాయే అయినా, 8 అంచున నెగ్గిన యంత్రం దాదాపు ప్రతి మూడు కొలతల్లో ఒకటి 8 మి.మీ. కన్నా ఎక్కువ తప్పుగా చెప్పవచ్చు. నెగ్గిన యంత్రమే ఇంత వెసులుబాటుతో వస్తున్నప్పుడు, దాని మీద పట్టీ తప్పు ఒక పది, మట్టం తప్పు మరో పది కలిపితే మిగిలేది ఊహే.

ప్రభుత్వ ఆసుపత్రుల పరికరాల నిర్వహణకు 2015 నుంచి జాతీయ ఆరోగ్య మిషన్ కింద ఒక కార్యక్రమం నడుస్తోంది. యంత్రాలు మూలపడి ఉండే రోజులు తగ్గడానికి అది అవసరమే. కానీ అందులో ప్రధానంగా లెక్కలోకి వచ్చేది యంత్రం ఎంతకాలం పనిచేసే స్థితిలో ఉంది అన్నది. బీపీ మానిటర్ వెలుగుతూ, పట్టీ ఉబ్బుతూ, ఏదో ఒక అంకె చూపుతూ ఉంటే ఆ లెక్కలో అది మంచి యంత్రమే. ఏడాదికోసారి సాంకేతిక నిపుణుడు వచ్చి రిఫరెన్స్ గేజీతో పోల్చి, తేడా 3 మి.మీ. లోపు ఉందని స్టిక్కరు అంటించినా, ఆయన చూసింది లోపలి పీడన సెన్సారును మాత్రమే. పట్టీ, చెయ్యి, మట్టం, లెక్కగట్టే సూత్రం ఆ స్టిక్కరు పరిధిలో లేవు. పైగా వార్డులో పోల్చి చూసుకోవడానికి ఒకప్పుడు ఉన్న పాదరసపు పెట్టె కూడా తప్పుకుంటోంది. పాదరసం వాడకాన్ని తగ్గించే మినమాటా ఒప్పందాన్ని భారత్ 2018లో ఆమోదించింది, పాదరసం విషం కనుక అది సరైన నిర్ణయమే. దాని స్థానంలో ప్రతి ఆసుపత్రికి నమ్మదగిన ఒక రిఫరెన్స్ గేజీ, దాన్నీ మానిటర్నూ ఒకే పట్టీకి కలిపే వై ఆకారపు గొట్టం ఇచ్చి ఉంటే మూడు నెలలకోసారి వార్డులోనే పోల్చుకోవచ్చు.

నేను అధికారులను, ఆసుపత్రుల యజమానులను అడిగేవి ఖరీదైనవి కావు. మానిటర్ టెండరులో పడకకు కనీసం మూడు కొలతల పట్టీలు ఉండాలని, గాలి కారే గొట్టాలను మార్చడం నిర్వహణ ఒప్పందంలో భాగమని రాయాలి. పడక తలగడ వైపు ఒక కొలత టేపు కట్టి ఉంచాలి. రోగి చేరగానే జబ్బ మధ్య చుట్టుకొలత ఒక్కసారి కొలిచి, తగిన పట్టీని ఆ పడకకు కేటాయించాలి. డయాలసిస్ రోగికి ఫిస్టులా (రక్తశుద్ధి కోసం ధమనిని సిరతో కలిపిన చోటు) ఉన్న చేతికి పట్టీ కట్టకూడదన్న నియమాన్ని ఇప్పటికే చాలాచోట్ల పాటిస్తున్నారు. చెయ్యి చూసి పట్టీ కట్టే అలవాటు మనవారికి అసాధ్యమేమీ కాదని అదే చెబుతోంది. నర్సులకు పనిభారం ఎక్కువని ఎవరైనా అంటే నిజమే, ఇద్దరు చూడవలసిన పడకలను ఒకరు చూస్తున్నారు. కానీ తప్పుడు అలారానికి పరుగెత్తి, అక్కరలేని సెలైన్ ఎక్కించి, ఆ నీరు ఊపిరితిత్తుల్లో చేరితే మళ్లీ దాన్ని దించే పని కూడా వారిదే.

ఇది ఐసీయూలకే పరిమితమైన విషయం కాదు. ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో 2003-04లో సంభవించిన మరణాల కారణాలను పరిశీలించినప్పుడు, దాదాపు మూడో వంతు గుండె, రక్తనాళాల జబ్బుల వల్లేనని తేలింది. వరి, కొబ్బరి, చేపల చెరువుల మధ్య బతికే ఈ జనంలో బీపీ కొలత ఎవరికీ దూరపు సంగతి కాదు. కోనసీమలోని ఒక పీహెచ్‌సీలో మొదట కొలిచి, సీహెచ్‌సీలో మళ్లీ కొలిచి, 108లో కొలుస్తూ, కాకినాడ చేరాక నాలుగోసారి కొలిస్తే, నాలుగు యంత్రాలు, నాలుగు పట్టీలు, రోగి నాలుగు భంగిమలు. రిఫరల్ చీటీ మీద 150/100 అని ఉంటుంది, కాకినాడ వార్డులో 132/84 వస్తుంది. దారిలో ఇచ్చిన మాత్ర పనిచేసిందా, రోగి కుదుటపడ్డాడా, పీహెచ్‌సీలో చిన్న పట్టీ కట్టారా అన్నది తేల్చుకోవడానికి రాత్రి డ్యూటీ వైద్యుడి దగ్గర ఏ ఆధారమూ ఉండదు. ఆ చీటీ మీద అంకె పక్కనే మరికొన్ని మాటలు పడితే చాలు: "150/100, కుడి చెయ్యి, పెద్ద పట్టీ, వెల్లకిలా, రెండోసారి కొలిచినది."