డప్పు సౌండుకు టాపెట్ సెట్టింగ్

నిన్న అమావాస్య. చెర్వుగట్టు మీది శివుడి గుడికి పోదామని మా ఆవిడ ఎప్పటి నుంచో అంటోంది. నల్గొండ నుంచి అరగంట దారి. బస్సులున్నాయి, ఆటోలున్నాయి, మా తోడల్లుడి కొత్త కారులో ఇద్దరికి చోటు కూడా ఉంది. సొంత బండి పెట్టుకుని ఇంకొకరి బండి ఎక్కడమేంటని ఫుల్ ట్యాంక్ కొట్టించి మరీ బయలుదేరదీశాను.

నా బండి 1996 మోడల్ కారు, కార్బ్యురేటర్‌ది. నంబరు ఏపీ 24తో మొదలవుతుంది. 2014లో టీఎస్ వచ్చింది, 2024లో టీజీ వచ్చింది, ఇది మాత్రం ఏపీలోనే ఉండిపోయింది. ఐదేళ్లకోసారి రెన్యువల్, గ్రీన్ టాక్స్ అన్నీ కడుతూనే ఉన్నాను. అమ్మెయ్యమని చెప్పనివాడు మా చుట్టాల్లో లేడు.

కొన్నాళ్లుగా దీనికో జబ్బు. బాగా పోతూ పోతూ రెండుసార్లు దగ్గి ఆగిపోతుంది. ఎంత సెల్ఫ్ కొట్టినా లేవదు. పది, పదిహేను నిమిషాలు దాని మానాన దాన్ని వదిలేస్తే ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అవుతుంది. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లిన రోజున మాత్రం ఆగదు. అతనిది ఒకటే మాట: "నా ముందల ఆగాలె సార్. ఆగని బండికి నేనేం చేస్త?"

న్యాయమే. కానీ ఏమీ చేయలేనన్నవాడు ప్లగ్గులు మార్చాడు. పాయింట్లు, కండెన్సర్ మార్చాడు. వేడెక్కితే కాయిల్ వీక్ అవుతోందని కాయిల్ మార్చాడు. ఫ్యూయల్ పంప్‌కి కొత్త కిట్ వేశాడు. చివరికి, ఎండకు పెట్రోల్ పైపులోనే ఆవిరైపోతోందని పంపు మీద తడిగుడ్డ చుట్టాడు. తడిగుడ్డకు డబ్బులు తీసుకోలేదు, అది చెప్పాలి.

ఒక ఆదివారం అతన్నే పక్కన కూర్చోబెట్టుకుని పానగల్ దాకా తిప్పాను. ఆగు తల్లీ, ఒక్కసారి ఆగు, ఈయన ముందు నా పరువు కాపాడు అని మనసులో మొక్కుకుంటూ నడిపాను. అక్కడి ఛాయా సోమేశ్వరాలయం గర్భగుడిలో నీడ పొద్దంతా కదలకుండా నిలబడి ఉంటుంది. నా బండి మాత్రం ఆ రోజంతా ఒక్క చోట నిలబడలేదు. "మంచిగనే ఉన్నది గద సార్" అని, దారిలో చాయ్ తాగించుకుని, షెడ్డు దగ్గర దిగిపోయాడు. నా వైపు చూసిన చూపులో కొంచెం జాలి కూడా ఉంది.

ఇక నిన్నటి సంగతి. గట్టు కిందికి చేరాం, కొబ్బరికాయల దుకాణాలు దాటాం, బండి రెండుసార్లు దగ్గింది. జనం మధ్యలో, రోడ్డుకు అడ్డంగా, సరిగ్గా శివసత్తులు పూనకంతో ఊగుతూ వస్తున్న చోట ఆగింది. ఒంట్లో బాగోలేనివాళ్లు అమావాస్య రాత్రి గట్టు మీద నిద్ర చేస్తే నయమవుతుందని జడల రామలింగేశ్వరస్వామి దగ్గరికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు. కాబట్టి నా బండిని చూసి అక్కడెవరూ ఆశ్చర్యపోలేదు. ఒకాయన దగ్గరికి వచ్చి, పేషెంటు గురించి అడిగినట్టే మెల్లగా, "ఎన్ని రోజుల సంది?" అన్నాడు.

మెకానిక్‌కి ఫోన్ చేశాను. నిజం చెప్పాలంటే సంతోషంగానే చేశాను. ఆగింది! సాక్షులు కూడా ఉన్నారు!

"ఇంజన్ కాడ ఫోన్ పెట్టుండ్రి సార్, సౌండ్ వింట" అన్నాడు.

"ఆగిపోయిన ఇంజన్‌కు సౌండేంటయ్యా?"

"సెల్ఫ్ కొట్టమనుండ్రి మేడంని."

మా ఆవిడ పూజ పళ్లెం ఒళ్లో పెట్టుకుని తాళం తిప్పింది. నేను బోనెట్ లేపి, నడుము వంచి, స్పీకర్ ఆన్ చేసిన ఫోన్‌ని రెండు చేతులతో ఇంజన్ ముందు పట్టుకున్నాను. గుళ్లో తీర్థం కోసం కూడా నేనెప్పుడూ అంత వినయంగా వంగలేదు. చుట్టూ జనం గుండ్రంగా నిలబడ్డారు. చంకలో కొబ్బరికాయ పెట్టుకున్న ఒకాయన, ఫోన్‌లో ఏ స్వామీజీయో పలుకుతాడనుకున్నాడో ఏమో, చెప్పులు విడిచాడు. ఒక కుర్రాడు వీడియో తీయడం మొదలుపెట్టాడు.

మెకానిక్ కాసేపు విన్నాడు. చాలా లోతుగా విన్నాడు. తర్వాత, ఇంజన్ వాల్వులను కదిలించే టాపెట్ల మీద తీర్పు చెప్పాడు: "టాపెట్లు లూజైనయ్ సార్. గట్టిగ కొట్టుకుంటున్నయ్."

"అది డప్పయ్యా!"

"ఏ డప్పు?"

"శివసత్తుల ముందు కొడుతున్నారు. ఇక్కడ అమావాస్య!"

"డప్పు సౌండ్ నాకు ఎర్కలేదా సార్? ఇది టాపెట్టే. టక టక టక అని రెండో సిలిండర్ కాడ వస్తున్నది. జర దగ్గర పెట్టుండ్రి."

ఇంకా దగ్గర పెట్టాను. రేడియేటర్ సెగకు చెయ్యి కాలింది. వాళ్లు కూడా దరువు మార్చారు. అతను వెంటనే, "ఇప్పుడు సూడుండ్రి, ఎక్కువైంది. టైమింగ్ గూడ పోయింది" అన్నాడు. స్పీకర్‌లో తన దరువు గురించి అంత మాట వినేసరికి డప్పు కొట్టే పెద్దాయనకు రోషం వచ్చిందో, నా మీద జాలి కలిగిందో, ఠక్కున ఆపేశాడు. శివసత్తులు పూనకం మధ్యలో ఆగి ఇటు చూశారు. గట్టు కింద అంతటి నిశ్శబ్దం అమావాస్యనాడు ఎప్పుడైనా ఉందో లేదో తెలియదు.

"ఆ, పోయింది సౌండ్" అన్నాడు మెకానిక్ తృప్తిగా. "సెట్ అయినట్టుంది. స్టార్ట్ చేయుండ్రి."

కాలేదు. జనం నవ్వారు. మా ఆవిడ నవ్వలేదు. అదే సమయానికి మా తోడల్లుడి కొత్త కారు పక్కనుంచి వెళ్లింది. అద్దం దించి "అన్నా, ఏమన్న కావాల్నా?" అని అడిగాడు, జవాబు వినడానికి ఆగకుండానే.

ఇక సలహాలు. నిమ్మకాయ తొక్కించమని ఒకరు, కాయ కొట్టమని ఒకరు. ఒక ట్రాక్టర్ డ్రైవర్ వచ్చి "ఏర్ పట్టింది, డీజిల్ పైపు ఇప్పుండ్రి" అన్నాడు. పెట్రోల్ బండి అన్నాను. నేనేదో తప్పు చేసినట్టు చూసి వెళ్లిపోయాడు. ఒక అవ్వ మాత్రం బండి చుట్టూ తిరిగి చూసి, మా ఆవిడతో అంది: "దీనికి ఊపిరాడుతలేదు బిడ్డా. మా ముసలాయన గూడ గిట్లనే. నాలుగు మెట్లెక్కి కూసుంటడు, జరసేపాగి మల్ల లేసి నడుస్తడు." అందరూ ఆమెను చూసి కూడా నవ్వారు. నేనూ నవ్వాను. నా మీది నుంచి నవ్వు కాస్త పక్కకు జరిగినందుకు.

అప్పుడొచ్చాడు ఆటో అబ్బాయి. "అన్నా, అసలు పెట్రోల్ ఉందా?" ఫుల్ ట్యాంక్ అని ఎంత చెప్పినా వినకుండా తాళం లాక్కుని ట్యాంక్ మూత తిప్పాడు. స్స్‌స్స్ మని లోపలికి గాలి పీల్చుకుంది. ఆ చప్పుడు చుట్టూ ఉన్నవాళ్లందరికీ వినిపించింది. "ఇప్పుడు కొట్టక్కా" అన్నాడు. ఒక్క సెల్ఫ్‌కి స్టార్ట్ అయింది. డప్పు మళ్లీ మొదలైంది.

ఇంతే సంగతి. ట్యాంకులోంచి పెట్రోల్ ఎంత పోతే అంత గాలి లోపలికి రావాలి. దాని కోసమే ఇలాంటి పాత బండ్ల మూతకు చిన్న కన్నం ఉంటుంది. అది మూసుకుపోతే లోపల వాక్యూమ్ పట్టి పంపు పెట్రోల్‌ను లాగలేదు, కార్బ్యురేటర్ ఎండిపోతుంది. కాసేపాగితే మూత సందుల్లోంచి మెల్లగా గాలి దూరుతుంది కాబట్టి మళ్లీ లేస్తుంది. ట్యాంక్ నిండుగా ఉంటే లోపల గాలికి చోటు తక్కువ, వాక్యూమ్ తొందరగా పడుతుంది. అంటే భక్తితో ఫుల్ ట్యాంక్ కొట్టించినందుకే గట్టు కింద ఆగిందన్నమాట.

మరి మెకానిక్ ముందు ఎందుకు ఆగలేదు? నేను వెళ్లిన ప్రతిసారీ అతను చేసే మొదటి పని "పెట్రోల్ ఉందా సార్?" అంటూ మూత తీసి, ఫోన్ లైటు వేసి తొంగి చూడటం. జబ్బు అక్కడే నయమైపోయేది. ఆ తర్వాత ప్లగ్గులు మార్చేవాడు.

ఫోన్ ఇంకా లైన్‌లోనే ఉంది. బండి స్టార్ట్ అయిన చప్పుడు విని, "చెప్పిన కద సార్" అన్నాడు.

దర్శనం అయింది. వీడియో మాకంటే ముందే ఇల్లు చేరింది, మా ఫ్యామిలీ గ్రూపులో ఉంది.

పొద్దున్నే షెడ్డుకు వెళ్లి మూత అతని చేతిలో పెట్టాను. లోపలి వైపు కన్నం మీద శుభ్రంగా, నున్నగా అద్దిన ఎంసీల్ ముద్ద. చూడగానే అతని ముఖం వెలిగింది.

"ఇది నేనే పెట్టిన సార్! బండిల పెట్రోల్ వాసనొస్తుందని మేడం అన్నరు గద. దాని తర్వాత వచ్చిందా వాసన?"

రాలేదని ఒప్పుకోవాల్సి వచ్చింది.

"తీసెయ్యమంటే తీసేస్త, రెండు నిమిషాల పని. మల్ల వాసనొస్తే మాత్రం నా మీదికి రావద్దు, మేడంతోని మీరే మాట్లాడుకోవాలె." స్క్రూడ్రైవర్‌తో ముద్ద గీకుతూ, తల ఎత్తకుండానే అన్నాడు: "ఎట్లాగు వచ్చిండ్రు గద, బండి ఈడ్నే పెట్టిపోండ్రి. టాపెట్లు గూడ టైట్ చేస్త. నిన్న సౌండ్ చానా ఉండె."