గడువు అడిగేవాడికేనా?

గ్రాంట్ ఫారంలో "మీ ప్రాజెక్టు వల్ల ఎంతమందికి ప్రయోజనం?" అనే పెట్టె ఒకటి ఉంటుంది. అందులో అంకెలు తప్ప అక్షరాలు పడవు. "ఇరవై నుంచి ముప్ఫై మంది, పరీక్షల నెలలో ఇంకా తక్కువ" అని నిజం రాయబోతే ఎర్రగీత వచ్చింది. సరే, 25 కొట్టాం. దాని కిందే ఇంకో పెట్టె: "పరోక్షంగా ఎంతమందికి?" పక్కన కూర్చున్నావిడ నా మొహం చూశారు. ఇంటికి నలుగురు చొప్పున లెక్కేసి 100 అని రాశాం. పెట్టె పచ్చగా మారింది.

ఆవిడ నడిపేది చాలా చిన్న సంస్థ. బడిలో వెనకబడిన పిల్లలకు సాయంత్రం పూట చదువు చెబుతారు. జీతం తీసుకునేవాళ్లు ఒక్కరూ లేరు. ఆ ప్రాంతంలోని కమ్యూనిటీ ఫౌండేషన్ చిన్న గ్రాంట్లకు దరఖాస్తులు పిలిచిందని తెలిసి, "నీకు రాత పని అలవాటే కదా, కాస్త వచ్చి కూర్చో" అన్నారు. కూర్చున్నాను. పంతొమ్మిది ప్రశ్నలు, ఏడు జతపత్రాలు, నాలుగు సాయంత్రాలు. ఆ నాలుగు సాయంత్రాలూ పాఠం లేదు. పిల్లలకు చదువు చెప్పడానికి డబ్బు అడగాలని పిల్లల్నే ఇంటికి పంపేశాం.

అందుకే ముందే తేల్చి చెబుతున్నా. చిన్న గ్రాంట్లకు రాతపూర్వక దరఖాస్తు అనేదాన్నే తీసేయాలి. ప్రశ్నలు తగ్గించడం, భాష తేలిక చేయడం, అవగాహన సదస్సులు పెట్టడం, ఇవన్నీ పుండుకి పైపూత. భవనం కట్టడానికో, ఐదేళ్ల కార్యక్రమానికో పెద్ద మొత్తం అడిగినప్పుడు కాగితం ఉండాల్సిందే, దాంతో నాకు పేచీ లేదు. కానీ నాలుగు బల్లలకూ పుస్తకాలకూ ఒక ఏడాది కరెంటు బిల్లుకూ పంతొమ్మిది ప్రశ్నలా?

ఇంతకీ ఈ ఫౌండేషన్లు పుట్టిందెందుకో గుర్తు చేసుకోవాలి. ఒక ప్రాంతంలోని దాతలు ఇచ్చిన డబ్బును ఒకచోట చేర్చి, పెట్టుబడి పెట్టి, వచ్చే రాబడిని ఆ ప్రాంతం కోసమే ఖర్చు చేసే ఏర్పాటు ఇది. 1914లో అమెరికాలోని క్లీవ్‌ల్యాండ్‌లో ఫ్రెడరిక్ గాఫ్ అనే బ్యాంకు అధ్యక్షుడు దీన్ని మొదలుపెట్టాడు. ఆయన చూసిన చిక్కు వీలునామాలది. ఏ అవసరం కోసం డబ్బు రాసిపెట్టారో ఆ అవసరమే లేకుండా పోయినా, డబ్బు మాత్రం అక్కడే ఇరుక్కుపోయేది. 'చచ్చినవాడి చెయ్యి' అనేవారు దాన్ని. ఆ చేతిలోంచి డబ్బు విడిపించి, బతికున్న పౌరుల కమిటీ కాలానికి తగ్గట్టు పంచాలన్నది ఆయన ఆలోచన.

దీని తర్వాత జరిగింది ఇంకా ముఖ్యం. వీలునామాల డబ్బు దాత పోయాకే కదా వచ్చేది, మొదటి సంవత్సరాల్లో ఫౌండేషన్ దగ్గర పంచడానికి పెద్దగా ఏమీ లేదు. అప్పుడు వాళ్లు నగరాన్ని చదవడం మొదలుపెట్టారు. గణాంకవేత్త లెనార్డ్ ఎయిర్స్ ఆధ్వర్యంలో బడులన్నీ సర్వే చేయించి 25 సంపుటాల నివేదిక తెచ్చారు. కోర్టులు, పోలీసుల పనితీరు మీద రాస్కో పౌండ్, ఫెలిక్స్ ఫ్రాంక్‌ఫర్టర్ లాంటి న్యాయ పండితులతో చేయించిన అధ్యయనం 1922లో వచ్చింది. అంటే మొట్టమొదటి కమ్యూనిటీ ఫౌండేషన్ పని ఊరు తిరగడంతో మొదలైంది. ఎవరికేం కావాలో తనే వెళ్లి చూసింది. వందేళ్ల తర్వాత దాని వారసులు వెబ్‌సైట్‌లో పోర్టల్ తెరిచి, కుర్చీలో కూర్చుని ఎదురుచూస్తున్నారు.

'కమ్యూనిటీ' అన్న మాటకు విలువ ఇక్కడే ఉంది. ఎక్కడో ఖండాంతరంలో ఉన్న పెద్ద ఫౌండేషన్ ఫారం అడిగిందంటే అర్థం చేసుకోవచ్చు, దానికి మన వీధి తెలియదు. ఈ ప్రాంతపు ఫౌండేషనైన మీకు తెలుసు కదా! అరగంట ప్రయాణంలో ఉన్న సంస్థను "మీ పరిసరాల సామాజిక, ఆర్థిక నేపథ్యాన్ని 300 పదాల్లో వివరించండి" అని అడగడమేమిటి? పరిసరాలు కిటికీలోంచి కనిపిస్తున్నాయి. ఒకసారి వచ్చి వెనక బెంచీలో గంటసేపు కూర్చుంటే, ఆ పంతొమ్మిది ప్రశ్నల్లో పదిహేనుకి అడక్కుండానే జవాబులు దొరుకుతాయి. ఎవరు వస్తున్నారు, ఎవరు నిద్రపోతున్నారు, చెప్పేవాళ్లకు ఓపిక ఉందా లేదా, అన్నీ.

నేను రెండో వైపు నుంచి కూడా చూశాను. ఒకసారి ఇలాంటి ఎంపిక కమిటీలో నన్నూ కూర్చోబెట్టారు. నలభై దరఖాస్తులు, ఒక్కోదానికి ఒకటి నుంచి ఐదు మార్కులు. పదకొండోది చదువుతుండగా నేనేం చేస్తున్నానో నాకే అర్థమైంది. వ్యాసరచన పోటీకి మార్కులు వేస్తున్నాను. ఒక దరఖాస్తులో "పిల్లలు వస్తారు, కొందరు మధ్యలో మానేస్తారు, వాళ్ల ఇళ్లకు వెళ్లి పిలుస్తాం, కొందరు తిరిగొస్తారు" అని ఉంది. దానికి రెండు వేశాను. ఇంకోదాంట్లో సమగ్ర వికాసం, సాధికారత, బహుముఖ వ్యూహం అన్నీ ఉన్నాయి. నాలుగు వేశాను. ఆ నాలుగు మార్కుల సంస్థ ఏం చేస్తుందని ఇప్పుడు అడిగితే చెప్పలేను. రెండు మార్కులవాళ్లు ఏం చేస్తారో ఇప్పటికీ గుర్తుంది.

అన్ని ఫారాల్లోనూ తప్పకుండా ఉండే ప్రశ్న ఇంకొకటి: "గ్రాంట్ ముగిశాక ఈ కార్యక్రమాన్ని ఎలా కొనసాగిస్తారు?" దీనికి నిజమైన జవాబు ఒకటే, "మళ్లీ మీ దగ్గరికే వస్తాం." అది రాసిన మహానుభావుడు ఎవరైనా ఉంటే చూడాలని ఉంది. అందరూ "వైవిధ్యభరితమైన నిధుల సమీకరణ ప్రణాళిక" అనే రాస్తారు. రాసేవాళ్లకూ తెలుసు అది అబద్ధమని, చదివేవాళ్లకూ తెలుసు. ఇక ఫౌండేషన్ ఆ ఏడాది మానసిక ఆరోగ్యం అని అంశం ప్రకటిస్తే, చదువు చెప్పేవాళ్లంతా రాత్రికి రాత్రి మానసిక ఆరోగ్యం వైపు తిరుగుతారు. తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడమేత కోసం అన్నట్టు, లెక్కల పాఠం టెన్షన్ తగ్గించడానికే అని మేమూ ఒక పేరా రాశాం.

ఇంతకాలం కనీసం ఒక వాదన ఉండేది. ఫారం జాగ్రత్తగా నింపారంటే పని కూడా జాగ్రత్తగా చేస్తారు, అది శ్రద్ధకు గుర్తు అని. 2022 చివర్లో చాట్‌జీపీటీ వచ్చాక ఆ ముచ్చటా తీరిపోయింది. పంతొమ్మిది ప్రశ్నలకు నిమిషాల్లో నున్నటి జవాబులు వచ్చేస్తాయి. అందరి దరఖాస్తూ ఒకేలా మెరుస్తుంటే చదివేవాళ్లు దేన్ని బట్టి ఎంచాలి? వడపోతకి వాళ్లూ మెషీన్‌నే వాడతారు. రాసేదీ చదివేదీ మెషీన్లే అయినప్పుడు, వాటి ఉత్తరప్రత్యుత్తరాల కోసం మనుషులు గడువులు పెట్టుకుని హైరానా పడటం ఎందుకు? ఫారం ఏదో కొలిచేదని ఎవరికైనా భ్రమ ఉంటే, ఆ కొలత ఇక లేదు.

దీని ఖరీదును ఎవరూ లెక్కలో రాయరు. పరిశోధన రంగంలో ఒకసారి లెక్క కట్టారు. 2012లో ఆస్ట్రేలియా జాతీయ ఆరోగ్య, వైద్య పరిశోధన మండలికి వచ్చిన 3,727 ప్రతిపాదనలు తయారు చేయడానికి శాస్త్రవేత్తలకు పట్టిన సమయం మొత్తం కలిపితే 550 పని సంవత్సరాలని అంచనా. అందులో నెగ్గినవి సుమారు ఐదింట ఒకటి. మిగతా నాలుగు వంతుల శ్రమ సొరుగుల్లోకి పోయింది. వాళ్లైతే జీతాలొచ్చే శాస్త్రవేత్తలు. సాయంత్రం బడి నడిపేవాళ్లకు ఆ గంటలు ఎవరిస్తారు?

తలుపు పెద్దగా తెరిచినా ఇదే కథ. అమెరికా దాత మెకెంజీ స్కాట్ 2020 నుంచి దరఖాస్తులు అడక్కుండా, షరతులు పెట్టకుండా సంస్థలకు భారీ మొత్తాలు ఇస్తూ వచ్చారు. నాకు నచ్చిన పద్ధతి అది. 2023లో మాత్రం చిన్న సంస్థలకూ అవకాశం ఉండాలని బహిరంగంగా దరఖాస్తులు పిలిచారు. 6,353 వచ్చాయి. మొదట అనుకున్న 250 కంటే ఎక్కువగా 361 సంస్థలకు, మొత్తం 64 కోట్ల డాలర్లు ఇచ్చారు. ఉదారతకు వంక పెట్టలేం. కానీ ఆ ఉదారత వెనక కూడా 5,992 సంస్థలు ఫారాలు నింపి, నెలల తరబడి ఎదురుచూసి, ఖాళీ చేతులతో వెనక్కి వెళ్లాయి.

దీనికి వచ్చే అభ్యంతరం నాకు తెలుసు, అది తేలికైనదేం కాదు. ఫారం లేకపోతే తెలిసినవాళ్లకే డబ్బు పోతుంది, ముఖం చూసి బొట్టు పెట్టే వ్యవహారం అవుతుంది, కాగితం ఉంటేనే కొత్తవాళ్లకు న్యాయం అంటారు. పైకి బాగానే ఉంది. అయితే దానికి ఫారం మందు కాదు, లాటరీ మందు. సంస్థ నిజంగా ఉందా, పని చేస్తోందా అని చూసి, ఆ గీత దాటినవాళ్లందరి పేర్లూ డబ్బాలో వేసి తీయండి. నవ్వకండి. న్యూజీలాండ్ ఆరోగ్య పరిశోధన మండలి 2013లోనే ఒక రకం గ్రాంట్లకు ఈ పద్ధతి తెచ్చింది. బ్రిటిష్ అకాడమీ 2022లో తన చిన్న పరిశోధన గ్రాంట్లకు ఇదే మొదలుపెట్టింది. డబ్బాకి బంధుప్రీతి ఉండదు, మంచి భాషకు పడిపోదు.

పైగా తెలిసినవాళ్లకే పోతుందన్న భయం గురించి కమ్యూనిటీ ఫౌండేషన్లే చెప్పడం మరీ విడ్డూరం. అసలు నా కోపం ఇక్కడే ఉంది. అమెరికాలో వాటి డబ్బులో పెద్ద భాగం ఈ పోర్టళ్ల గుండా వెళ్లదు. 1931లో న్యూయార్క్ కమ్యూనిటీ ట్రస్ట్‌తో మొదలైన డోనర్ అడ్వైజ్డ్ ఫండ్ అనే ఏర్పాటు ఒకటుంది. దాత ఫౌండేషన్‌లో తన పేరు మీద ఓ ఖాతా తెరిచి డబ్బు వేస్తాడు. ఆ ఏడాదే పన్ను మినహాయింపు తీసుకుంటాడు. ఎవరికివ్వాలో తర్వాత తీరిగ్గా సూచిస్తాడు. ఆ సూచన అందుకున్న సంస్థ పంతొమ్మిది ప్రశ్నలకు జవాబు రాయదు. దాతకి తెలిసినవాళ్లయితే చాలు, చెక్కు వచ్చేస్తుంది. భవనం ఒకటే, కిటికీలు రెండు. దాత తెలిసినవాడు ఒక కిటికీ దగ్గర, ఎవరూ తెలియనివాడు ఫారం పట్టుకుని రెండో కిటికీ దగ్గర. ఇంకెక్కడి సమాన న్యాయం?

ఇక గడువు సంగతి. అమెరికాలో ఓ కుటుంబం సొంత ప్రైవేటు ఫౌండేషన్ పెట్టుకుంటే, ఏటా ఆస్తుల్లో సుమారు 5 శాతం పంచాలని చట్టం ఉంది. అదే డబ్బును డోనర్ అడ్వైజ్డ్ ఫండ్‌లో వేస్తే ఆ నిబంధన వర్తించదు. ఏడాదో, పదేళ్లో, ఇంకా ఎంతో, కూర్చోబెట్టొచ్చు. సగటున అంతకంటే ఎక్కువే పంచుతున్నాం అంటారు నిర్వాహకులు. సగటు సంగతి సరే. బోలెడు ఇచ్చే ఖాతాల నీడలో పైసా కదలని ఖాతాలు దాక్కుంటాయి, సగటు అనేది వాటిని చూపించదు. పన్ను మినహాయింపు అంటే అందరి ఖజానా వదులుకున్న డబ్బు కదా. దాని వల్ల దక్కాల్సిన మేలుకు మాత్రం తేదీ లేదు. దేవుడు వరమిచ్చినా పూజారి కరుణించడంటారు. ఇక్కడ దేవుడూ పూజారీ కలిసి తాపీగా ఉన్నారు.

అటువైపు డబ్బుకి గడువు లేదు. ఇటువైపు మా పోర్టల్ రాత్రి 11:59కి మూసుకుంది. ఆఖరి రోజు తొమ్మిదింటికి ఏడో జతపత్రం ఎక్కలేదు, సైజు ఎక్కువైందట. కార్యవర్గ సభ్యుల జాబితా అది. ఆవిడ ఫోన్‌లో ఫొటో తీసి, కుదించి, మళ్లీ ఎక్కించి, అక్షరాలు అలుక్కుపోతే మళ్లీ తీసి, పదకొండున్నరకు పంపగలిగారు. చేతులు వణుకుతున్నాయి. నిమిషం ఆలస్యమైనా అనర్హులే, అది నిబంధన. అడిగేవాడు ఎప్పుడూ రుజువు చూపాలి, సమయానికి రావాలి, వచ్చినందుకు కృతజ్ఞత చూపాలి. ఇచ్చేవాడు ఎవరికీ దేనికీ జవాబు చెప్పక్కర్లేదు. గ్రాంట్ల గురించే అనుకోకండి, ఈ లోకంలో ఏ సాయం తీరు చూసినా ఇదే వరస. లేనివాడు లేదని నిరూపించుకోవాలి. ఉన్నవాణ్ణి ఎందుకు ఇవ్వలేదని అడిగే ఫారం మాత్రం ఇంతవరకూ ఎవరూ అచ్చువేయలేదు.

నేనైతే ఆ ఫారమే ముందు వేస్తాను. ఖాతా తెరిచి మూడేళ్లయింది, ఇంకా ఎందుకు పంచలేదు, 300 పదాల్లో వివరించండి. జతపత్రాలు ఏడు. సంతృప్తికరమైన జవాబు రాకపోతే ఆ ఖాతా డబ్బు చిన్న గ్రాంట్ల డబ్బాలోకి వెళ్లాలి. ఫౌండేషన్ ఉద్యోగులు ఫారాలు చదివే గంటల్ని సంస్థల దగ్గర వెనక బెంచీల్లో గడపాలి. ఖర్చయ్యాక నివేదిక కూడా అక్కర్లేదు, మళ్లీ వచ్చి అదే బెంచీలో కూర్చుంటే సరిపోతుంది.

మా దరఖాస్తుకి నాలుగు నెలల తర్వాత జవాబొచ్చింది. "అనేక ఉత్తమ ప్రతిపాదనలు అందినందున ఈసారి మీ ప్రతిపాదనను ఎంపిక చేయలేకపోయాం." ఎక్కడ తప్పామో లేదు. వచ్చే విడతలో మళ్లీ ప్రయత్నించమని ప్రోత్సహించారు. ఆ విడత మొన్న మొదలైంది. పాత వివరాలు ఉంటాయేమో, మార్చి పంపేద్దామని ఆవిడ లాగిన్ అయ్యారు. ఏమీ లేవు, కొత్త పోర్టల్ అట. ప్రశ్నలు ఇరవై రెండయ్యాయి. ఫోన్ చేసి, "ఈసారి పరోక్షంగా ఎంతమంది అని రాద్దాం?" అని అడిగారు.