శుక్రవారం పూట సమాధుల ఫొటోలా?

ఇప్పుడే ఫోన్ పెట్టేశాను, ఇంకా ఒళ్లు మండుతోంది. అర్మేనియాలో నొరాటుస్ అనే పల్లెలో ఉన్న పాత శ్మశానం ఫొటోలు పొద్దున పెట్టానో లేదో, మా చుట్టాల్లో ఒక పెద్దాయన పనిగట్టుకుని ఫోన్ చేసి, "శుక్రవారం పూట ఆ శ్మశానం ఫొటోలేంట్రా? ముందు తీసేయ్. అర్మేనియా దాకా వెళ్లి ఉద్ధరించింది ఇదా?" అని క్లాసు పీకాడు. పెద్దాయన కదా, "అలాగే బాబాయ్" అన్నాను. తీసేది మాత్రం లేదు.

గుడే కావాలంటే గుడీ ఉంది బాబాయ్! 9వ శతాబ్దం చివర్లో సహాక్ అనే ప్రభువు కట్టించిన మేరీమాత చర్చి ఆ ఊళ్లోనే ఉంది. కానీ జనం సెవాన్ సరస్సు పక్కనున్న ఆ పల్లెకి పనిగట్టుకుని వెళ్లేది సమాధుల కోసమే. 7 హెక్టార్ల నేలలో వందల కొద్దీ ఖచ్కార్లు, అంటే సిలువ చెక్కిన నిలువు రాళ్లు. అన్నిటికంటే పాతవి 10వ శతాబ్దానివి. దగ్గరికెళ్లి చూస్తే సిలువ చుట్టూ రాతిలో నర్సాపురం లేసు అల్లినట్టే ఉంటుంది. ఒకదాని మీద ఉన్న అల్లిక ఇంకోదాని మీద ఉండదు. చెక్కిన వైపు పడమర ముఖంగా ఉంటుంది కాబట్టి సాయంత్రం వెళ్లాలి. అప్పుడు ఏటవాలు ఎండ పడి, పాచి పట్టిన రాళ్ల మీద కూడా గీత గీతా తేలుతుంది. కిరామ్ కజ్మోగ్, అరాకెల్, మెలిసెత్ అనే శిల్పుల పేర్లు అక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు. మన గుళ్లల్లో శిల్పి పేరు ఎవడికి తెలుసు? రాజుగారి పేరైతే గోడ నిండా ఉంటుంది. సరే, అది వేరే గొడవ.

ఒక సమాధి రాయి మీద పెళ్లి చెక్కారండీ. సాజ్ అనే తీగల వాయిద్యం వాయించేవాడు, కూజా పట్టుకున్నవాడు, అందరూ ఉన్నారు. అశుభం అన్న మాట ఆ రాయి ముందు నిలబడి అనమనండి చూద్దాం.

ఆ ఊరివాళ్లకి ఆ రాళ్లంటే ఎంత నమ్మకమో! శత్రుసేన మీదికొస్తుంటే ఖచ్కార్లకి శిరస్త్రాణాలు తొడిగి, కత్తులు ఆనించి నిలబెట్టారట. దూరం నుంచి చూసిన సైన్యం ఇంత పెద్ద దండా అని వెనక్కి తిరిగిపోయిందట. కథే అనుకోండి. చచ్చినవాళ్లు ఊరిని కాపాడారని వాళ్లు చెప్పుకుంటారు, మనమేమో శ్మశానం ఫొటో చూస్తేనే తలస్నానం చేస్తాం.

అక్కడ ఇన్ని మిగలడమే గొప్ప. ఇంతకు కొన్ని రెట్లు ఖచ్కార్లు నఖ్చివాన్‌లో అరాస్ నది ఒడ్డున, జుల్ఫాలో ఉండేవి. అజర్‌బైజాన్ చేతిలో ఉన్న ఆ చోట 2005 డిసెంబర్‌లో సైనికులు మిగిలిన రాళ్లని సుత్తులతో పగలగొట్టి నదిలో పారబోశారు. ఇరాన్ వైపు ఒడ్డు నుంచి వీడియో కూడా తీశారు. అజర్‌బైజాన్ ప్రభుత్వం మాత్రం అలాంటిదేమీ జరగలేదు పొమ్మంది! వీడియో ఉన్నా సరే.

జుల్ఫా అనగానే నాకు పాత మంట గుర్తొస్తుంది. 1604 ప్రాంతంలో ఇరాన్ రాజు షా అబ్బాస్ ఆ ఊళ్లోని అర్మేనియన్ జనాన్ని మొత్తం పెళ్లగించి తన రాజధాని ఇస్ఫహాన్‌కి తోలుకుపోయాడు. అక్కడ కొత్త జుల్ఫా కట్టుకున్న వర్తకులు మద్రాసు దాకా వ్యాపారం చేశారు. రత్నాలకి పేరుమోసిన మన గోల్కొండకీ అర్మేనియన్ వర్తకులు వచ్చారు. వచ్చినవాళ్లలో కొందరు ఇక్కడే పోయారు. 17వ శతాబ్దపు అర్మేనియన్ సమాధులు హైదరాబాద్ ఉప్పుగూడలో ఉన్నాయండీ, రాళ్ల మీద వాళ్ల లిపితో సహా! ఎంతమందికి తెలుసు? హెరిటేజ్ వాక్ అంటూ వారం వారం చార్మినార్ దగ్గర ఇరానీ చాయ్ ఫొటోలు పెట్టేవాళ్లలో ఒక్కరైనా అటు వెళ్లారా? ఉప్పుగూడ రైల్వే స్టేషన్ అడిగితే చిన్నపిల్లాడు కూడా చూపిస్తాడు. అర్మేనియన్ సమాధులెక్కడ అని అడగండి, మిమ్మల్ని ఎగాదిగా చూస్తారు. మొన్న ఒక వాట్సాప్ గ్రూపులో ఈ మాటెత్తితే "అది ఓల్డ్ సిటీ కదా బ్రో, పార్కింగ్ ఉండదు" అన్నాడొక చరిత్ర ప్రేమికుడు. అదే గ్రూపులో, అదే మనిషి, కోహినూర్‌ని లండన్ నుంచి వెనక్కి తేవాలని పిటిషన్ లింకు పెట్టి అందర్నీ సంతకం చేయమంటున్నాడు. తెచ్చాక ఎక్కడ పెడతావు బ్రో? పార్కింగ్ చూసుకున్నావా?