ఫిర్యాదు చేయకపోతే కష్టం లేనట్టేనా?

అదే సందేశం మళ్లీ వచ్చింది. ‘మనుషులు బాగున్నారో లేదో తేల్చడానికి నిపుణులెందుకు? ఏం కావాలో వాళ్లనే అడగండి, చెప్పిందే కొలత’ అంటూ నాలుగు పాయింట్లు, కింద ఒక దండం బొమ్మ. పంపినవారంతా చదువుకున్నవారే.

‘ఎవరి మంచి వారికే తెలుసు.’ చాలావరకు నిజమే, పేచీ లేదు.

‘చెప్పేదానికీ చేసేదానికీ తేడా ఉండదు.’ ఇకమీదట ఫార్వర్డులు పంపబోమని మాటిచ్చినవారే ఇదీ పంపారు.

‘ఎంత డబ్బిస్తారో అడిగితే కోరిక విలువ తేలుతుంది.’ 1990ల మొదట్లో అమెరికాలో అలాగే అడిగారు. చమురు వ్యర్థాల గుంటల్లో పడి వలస పక్షులు చావకుండా వలలు కప్పడానికి ఎంతిస్తారని. ఒక బృందానికి 2,000 పక్షులన్నారు, మరోదానికి 20,000, ఇంకోదానికి 2,00,000. సగటు జవాబులు వరుసగా 80, 78, 88 డాలర్లు. పక్షులు వంద రెట్లు పెరిగినా జవాబు దాదాపు కదల్లేదు. (ఆ అధ్యయనానికి ఖర్చు పెట్టింది ఎక్సాన్. సముద్రంలో చమురు ఒలికించి పరిహారం కేసుల్లో ఉన్న కంపెనీకి, ఇలా అడిగి కట్టే విలువ నమ్మదగ్గది కాదనే ఈ ఫలితం చేదుగా ఏమీ ఉండదు.)

ఇక నాలుగోది: ‘ఫిర్యాదు లేనివారికి లోటు లేనట్టే.’ ఒళ్లు మండింది దీనికే. బెంగాల్ కరువు మరుసటి ఏడు, 1944లో, కలకత్తా దగ్గరి సింగూరులో ఆరోగ్య సర్వే చేశారు. భార్యను పోగొట్టుకున్న మగవారిలో 48.5 శాతం మంది ఒంట్లో బాగాలేదనో, అంతంతమాత్రంగా ఉందనో చెప్పారు. భర్తను పోగొట్టుకున్న ఆడవారిలో అలా అన్నది 2.5 శాతమే. ‘అంతంతమాత్రం’ అన్న జవాబు ఒక్కటే చూస్తే మగవారు 45.6 శాతం, ఆడవారిలో ఒక్కరూ లేరు. అమర్త్య సేన్ ఎత్తి చూపిన లెక్క ఇది. మన సందేశం ప్రకారం కరువు దాటిన ఆ వితంతువులు భాగ్యవంతులు, మందులన్నీ మగవారికే పంచాలి! పూట గడవని ఇంట్లో తన నీరసాన్ని జబ్బుగా లెక్కపెట్టుకోవచ్చని ఆమెకు ఎవరు చెప్పారు? అడిగిందే కొలతైతే, అణిగిమణిగి ఉన్నవారికే తక్కువ అందుతుంది. బడ్జెట్ వేసేవారికి ఇంతకంటే చవకైన సిద్ధాంతం దొరకదు.

అలాగని అడగడం మానేయమనను. 2014లో బెంజమిన్, హెఫెట్జ్, కింబల్, సెంబ్రోట్ అనే ఆర్థికవేత్తలు వెలువరించిన అధ్యయనంలో ‘సంతోషంగా ఉన్నారా’ అన్న ఒక్క ప్రశ్నతో సరిపెట్టలేదు. బతుకుకు సంబంధించిన 136 అంశాలు తీసుకుని, ఇదా అదా అని ఎంచుకోమన్నారు. కుటుంబం బాగు, ఆరోగ్యం, నమ్మిన విలువల ప్రకారం బతకడం ముందు వరుసలో నిలిచాయి. అడగకుండా ఏ నిపుణుడూ ఆ వరుస రాయలేడు, ఒప్పుకుంటాను. అయితే ఆ జవాబు పక్క గడిలో మనిషి బరువు, రక్తహీనత కూడా రాయాలి. రెండు గడులూ పొసగనప్పుడు వైద్యుణ్ణి ముందు ఎవరింటికి పంపాలో నాలుగో పాయింటు రాసినాయన చెప్పాలి.