యాభై ఆరు కిలోబిట్ల స్వాతంత్ర్యం

2004లో కేంద్ర ప్రభుత్వం బ్రాడ్‌బ్యాండ్ విధానాన్ని ప్రకటించినప్పుడు అందరూ అందులో ఒక్క అంకెనే చూశారు. సెకనుకి 256 కిలోబిట్లు. అంతకు తగ్గకుండా వస్తేనే దాన్ని బ్రాడ్‌బ్యాండ్ అనాలన్నారు. అంకెకి ముందే ఇంకో షరతు ఉంది: ఆ కనెక్షన్ ఎప్పుడూ ఆన్‌లోనే ఉండాలి. దాని మీద ఒక్కరూ ధర్నా చెయ్యలేదు, కనీసం రాస్తారోకో అయినా జరగలేదు. పిల్లలు విదేశాల్లో ఉన్న గోదావరి డెల్టా తల్లిదండ్రులు ఆ షరతు కింద ఇప్పటికీ నలుగుతున్నారు. వారి పక్షాన మాట్లాడేవాళ్లు ఎవరూ లేరు గనక ఆ బాధ్యత నేనే తీసుకుంటున్నాను.

ముందు డయలప్ కాలంలో, అంటే ఫోను లైను మీదే నంబరు తిప్పి నెట్టు తెచ్చుకున్న రోజుల్లో, ఉన్న న్యాయం గురించి చెప్పాలి. 172233 తిప్పగానే మోడెం కీచుమనేది, బుస్సుమనేది, గరగరలాడేది, ఆనక ఒప్పందం కుదిరినట్టు గమ్మున ఊరుకునేది. కాగితం మీద వేగం 56 కిలోబిట్లు. మనవడి ఫొటో ఒక మెగాబైటు ఉంటే నాలుగైదు నిమిషాలు పట్టేది. అది కూడా పైనుంచి కిందికి దిగేది. ముందు జుట్టు, తరవాత నుదురు. నుదురు కనిపించగానే ఇంట్లో రెండు పక్షాలు తేలేవి. అచ్చం మా వైపు పోలికేనని నేను, ముక్కు దిగేదాకా ఆగమని మా ఆవిడ. ముక్కు సగంలో ఉండగా లోపలి గదిలో ఎవరో ఒకరు రెండో ఫోను ఎత్తేవారు, లైను కాస్తా తెగేది. ఆ ముక్కు ఎవరి వంశానిదన్న చర్చ మళ్లీ ఆదివారం దాకా నడిచేది. ఇప్పుడు ముక్కూ మూతీ గడ్డమూ ఒక్కసారే వచ్చి పడుతున్నాయి. వాదనకి చోటే లేదు. ప్రజాస్వామ్యం అంతరించేది ఇలాగే.

ఇంటర్నెట్‌లో ఉన్నంతసేపూ ఫోను ఎంగేజి. దీన్ని లోపం అన్నవాళ్లకి మా వైపు బంధుత్వాల సంగతి తెలియదు. అప్పు అడగాలనుకున్న బావమరిది, సంబంధం తెచ్చిన పేరయ్య, శిస్తు ఈ పంటకి ఇవ్వలేనని చెప్పబోయే కౌలుదారు, అందరికీ ఒకటే జవాబు: "ఆయ్, మావోడికి మెయిలు కొడతన్నామండి." ఆ మాట విన్నాక ఎవరూ తప్పు పట్టలేరు. అమెరికాలో కొడుకున్న ఇంటికి ఆ మాత్రం గౌరవం ఉండేది.

గంటల లెక్కన కొనుక్కున్న ఇంటర్నెట్టు కాబట్టి మెయిలు ముందే రాసుకుని, దిద్దుకుని, కనెక్టయ్యి, పంపేసి, వెంటనే కట్ చేసేవాళ్లం. ఆ దిద్దుకోవడంలోనే సంసారాలు నిలబడ్డాయి. మెయిల్లోంచి ముందు నా బీపీ పోయేది, తరవాత ఆవిడ మోకాళ్లు పోయేవి, ఆనక గట్టు తగాదా పోయేది. చివరికి "ఇక్కడ అంతా క్షేమం, మామిడి కాపు బాగుంది" అన్న రెండు ముక్కలు మిగిలేవి. మావాడు డాలస్‌లో హాయిగా నిద్రపోయేవాడు. మేమూ ఇక్కడ హాయిగా కాపురం చేసుకునేవాళ్లం.

వాడు వెళ్లిన కొత్తలో అక్కడా డయలప్పే. నలుగురు కుర్రాళ్లు ఒక అపార్ట్‌మెంటు, ఒక ఫోను లైను, వంతులేసుకుని వాడుకోవడం. ఆ రోజుల్లో వాడు ఎంతో ఒద్దికగా ఉండేవాడు. ఐదు డాలర్ల కాలింగ్ కార్డు కొని, అందులో నిమిషాలు అయిపోతాయని గబగబా మాట్లాడి పెట్టేసేవాడు. తరవాత వాడి ఇంటికి కేబుల్ ఇంటర్నెట్టు వచ్చింది. అక్కడితో ఆగితే బాగుండేది. కానీ ప్రవాసికో తెగులుంది. తనకి ఏది అమరినా అది ఊళ్లో అమ్మానాన్నలకి అమర్చేదాకా ఊపిరాడదు. ముందు మిక్సీ, తరవాత మైక్రోవేవు, ఆ తరవాత ఇది.

2005 జనవరిలో బీఎస్‌ఎన్‌ఎల్ వాళ్ల బ్రాడ్‌బ్యాండ్, డేటావన్, మొదలైంది. అది మా ఎక్స్ఛేంజికి చేరిన వార్త నాకంటే ముందు డాలస్‌లో తెలిసింది. తీగ మాత్రం పాతదే, కొబ్బరి తోటల్లోంచి వచ్చే అదే రాగి తీగ. మాట తక్కువ ఫ్రీక్వెన్సీలో వెళ్తుంది, డేటా ఎక్కువ దాంట్లో వెళ్తుంది, రెంటినీ వేరుచెయ్యడానికి స్ప్లిటర్ అని చిన్న డబ్బా. ఆ డబ్బా పెట్టిన సాయంత్రమే బావమరిది ఫోను చేశాడు. నెట్టు నడుస్తుండగానే ఫోను మోగడం నేను వినడం అదే మొదలు.

ఐదు వందల ప్లానులో రాత్రి రెండు నుంచి ఉదయం ఎనిమిది దాకా ఎంత వాడినా లెక్కలేదన్నారు. అప్పట్లో మా ఊళ్లో రెండింటికి మెలకువగా ఉండేవాళ్లు ఇద్దరే. తెల్లారగట్ల నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుందని ఏరేటర్లు కనిపెట్టుకుని ఉండే రొయ్యల చెరువు కాపలాదారు, ఉచిత వేళలో మనవడి వీడియో దింపుకునే ప్రవాసి తండ్రి. కాపలాదారుకి జీతం ఉంది.

ఇక మోడెం మీద లైట్లు. చిన్నప్పుడు వాడికి ఎక్కాలు అప్పజెప్పించుకున్నది నేను. ఆ బాకీ ఇప్పుడు వడ్డీతో తీర్చుకున్నాడు. "నాన్నగారూ, డీఎస్ఎల్ లైటు నిలకడగా ఉందా, మిణుకుతోందా?" "మిణుకుతోందిరా." "ఆపి, పది లెక్కపెట్టి, వెయ్యండి." ఎక్స్ఛేంజికి దూరమయ్యే కొద్దీ ఆ సిగ్నలు నీరసపడుతుంది, కొబ్బరి దింపు నాడు గెల పడితే తీగే తెగుతుంది. ఇవన్నీ వాడికి నేను విన్నవించుకోవాలి. విన్నవించుకున్నాను. అప్పటికింకా ఏదో ఒక సాకు ఉండేది, ఆ కాలాన్ని నేను నిందించను.

సాకులన్నిటికీ తెర దించింది ఫైబరు. 2016 డిసెంబరులో మన సఖినేటిపల్లి మండలం మోరి గ్రామంలోనే మొదట ఇంటింటికీ ఆ వెలుగు తీగ ఇచ్చి చూపించారు. జీడిపప్పుకి పేరుపడ్డ ఊరు, పాపం దానికేం తెలుసు. మరుసటి ఏడు ఏపీ ఫైబర్‌నెట్ పేరిట కరెంటు స్తంభాల మీదుగా రాష్ట్రమంతా లాగారు. నెలకి 149 రూపాయలకి నెట్టు, టీవీ, ఫోను మూడూ అన్నారు. ధర చూసి అందరూ సంతోషించారు. ఇందులో కలిసొచ్చే నాలుగోది కొడుకని అప్పుడు ఎవరూ ఊహించలేదు.

ఫైబరు వెనకాలే కెమెరాలు దిగాయి. గేటు దగ్గర ఒకటి, అరుగు మీద ఒకటి, కాయల రాశి వైపు ఒకటి. దొంగల భయమట. ఈ ఊళ్లో దొంగని ఇంతవరకు ఆ కెమెరా చూడలేదు, నన్ను మాత్రం రోజూ చూస్తోంది. పొద్దున్న మాకు ఆరు నుంచి పది అంటే వాడికి భోజనం చేసి కాళ్లు చాపుకునే వేళ. సరిగ్గా అప్పుడే స్పీకర్లోంచి ఆకాశవాణి: "నాన్నగారూ, ఆ పెట్టె ఆత్రేయపురం నుంచి వచ్చిందేనా?" పూతరేకుల పెట్టెని అంత దూరం నుంచి పోల్చగలిగాడంటే వాడి చదువుకి పెట్టిన ఖర్చు వృథా కాలేదు. వంటింట్లో వీడియో కాలు పెట్టుకుని "అమ్మా, నూనె కొంచెం తగ్గించు" అంటాడు. ఆవిడ ఫోనుని పోపుల డబ్బాకి ఆనించి, దాని మొహం గోడకి తిప్పి, ఆవకాయ పని చూసుకుంటుంది. మగవాళ్లకి అంత ధైర్యం లేదు. కరెంటు పోతే నాలుగు గడియలు విడుదల ఉండేది. పోయిన సంక్రాంతికి వచ్చినప్పుడు రౌటరుకి కూడా ఇన్వర్టర్ కలిపి వెళ్లాడు.

ఒక్క మాట. మా రాజోలు వైపు నుంచి కువైట్, దుబాయి ఇళ్లల్లో పనికి వెళ్లిన ఆడవాళ్లు రాత్రి పని ముగిశాక ఇక్కడి పిల్లల మొహం చూసుకునేది ఈ తీగ మీదే. వాళ్ల సంగతి పరిహాసానికి అతీతం. నా అభియోగం డాలర్ల వాళ్ల మీద.

కాటన్ దొర 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేశాడు, డెల్టా అంతా కాలవలు పారించాడు. అంతటి కాలవల్ని కూడా ఏటా వేసవిలో కట్టేస్తారు. పూడిక తీస్తారు, లాకులు బాగుచేస్తారు. రెండో పంట దాళవాలో నీరు చాలకపోతే వంతులవారీగా వదులుతారు. పారేదాన్ని ఆపే వేళ ఒకటుండాలని ఇరిగేషన్ శాఖకి తెలిసినట్టు టెలికాం శాఖకి తెలియలేదు. వాళ్లు ఆ 256 అంకెని 2013లో 512 కిలోబిట్లు చేశారు, 2023లో 2 మెగాబిట్లు చేశారు. ఎవరి వంతు ఎప్పుడన్నది మాత్రం రాయలేదు.

ప్రస్తుతానికి మా ప్రతిఘటన పశువుల కొట్టం వెనక పనస చెట్టు కింద సాగుతోంది. అక్కడికి ఏ కెమెరా చూపూ ఆనదు. సిడ్నీ కొడుకు గల ఒకాయన, న్యూజెర్సీ కూతురు గల ఇంకొకాయన రోజూ వస్తారు.

"మేష్టారూ, మీ కెమెరా ఇటు తిరుగుద్దంటారా?"

"తిరగదండి."

"ఆయ్. అయితే ఆ రేకు ఇలా ఇవ్వండి."

అక్కడే ఒక అర్జీ తయారుచేశాం. ప్రవాసుల కన్నవాళ్ల ఇళ్లల్లో రోజూ ఉదయం ఆరు నుంచి పది దాకా వేగం 56 కిలోబిట్లకి మించరాదు, ఫొటోలు పైనుంచి కిందికే దిగాలి, ముక్కు దగ్గర ఒకసారి ఆగాలి. ముగ్గురం సంతకాలు పెట్టాం. తీరా చూస్తే ఢిల్లీకి అర్జీ ఆన్‌లైన్‌లోనే పెట్టాలట. నా పేరు మీద ఖాతా మావాడే తెరిచి ఉంచాడు. అర్జీ ఎక్కించి నొక్కాను. ఓటీపీ అడిగింది. అది నా ఫోనుకి రాలేదు. ఇంకో నిమిషానికి అరుగు మీది స్పీకరు పలికింది.

"నాన్నగారూ, నాకేదో ఓటీపీ వచ్చింది. ఎక్కడున్నారు, కెమెరాలో కనిపించడం లేదేం?"