వెండి కోసం కరిగించేసిన వెండితెర

బ్రిటిష్ మూకీల గురించి రాసేవాళ్లు సెసిల్ హెప్‌వర్త్ దగ్గరికి వచ్చేసరికి, అమెరికా సినిమాల వరదలో కొట్టుకుపోయిన మార్గదర్శి అని తేల్చేస్తారు. అది సగమే నిజం. ఆయన పతనంలో ఆయన అభిరుచికీ పెద్ద వాటానే ఉంది.

1874లో లండన్‌లోని లాంబెత్‌లో పుట్టారు. తండ్రి మ్యాజిక్ లాంతరు ప్రదర్శనలిచ్చేవారు కాబట్టి తెర మీద బొమ్మ చూపించడం ఇంటి విద్యే. 1897లో, 23 ఏళ్లకే, సినిమా సాంకేతికత మీద పుస్తకం రాశారు. తర్వాత థేమ్స్ ఒడ్డున వాల్టన్‌లో చిన్న స్టూడియో పెట్టారు. 1903లో పెర్సీ స్టోతో కలిసి ‘ఆలిస్ ఇన్ వండర్‌లాండ్’ తీసినప్పుడు కప్ప బంట్రోతు వేషం ఆయనే వేశారు. కుందేలు, రాణి వేషాలు రెండూ ఆయన భార్య మార్గరెట్‌వి. నటుడు వేరు, దర్శకుడు వేరు అన్న గీతలు అప్పటికింకా పడలేదు.

1905 నాటి ‘రెస్క్యూడ్ బై రోవర్’ మాత్రం ఒకసారి చూసి తీరాలి. కథ మార్గరెట్‌ది, దర్శకత్వం లెవిన్ ఫిట్జ్‌హామన్‌ది. తండ్రిగా హెప్‌వర్త్, తల్లిగా మార్గరెట్. పాప వాళ్ల పాపే, రోవర్ అనే కుక్కగా వాళ్లింటి బ్లెయిరే. బిచ్చగత్తె పాపను ఎత్తుకుపోతుంది. కుక్క కిటికీలోంచి దూకి, వీధి వెంట పరుగెత్తి, మలుపు తిరిగి, నది ఈదుకుంటూ దాటి, పేదల వాడలో ఒక్కో గుమ్మం దగ్గరా ఆగి వెతుకుతుంది. పాప జాడ తెలియగానే అదే దారిన వెనక్కి. మళ్లీ యజమానిని వెంటబెట్టుకుని అదే దారి. ఈసారి నదిలో కుక్క ఈదుతుంటే ఆయన పడవలో వెనకాలే. ఆ వీధి, ఆ మలుపు, ఆ నది మనకు అప్పటికే తెలిసిపోయాయి కాబట్టి ఎవరు ఎక్కడున్నారో, ఇంకెంత దూరముందో ఎవరూ చెప్పక్కర్లేదు. షాటుకు షాటు అతికించి ఉత్కంఠ పుట్టించడం ఇదే. ఇలాంటి ఎడిటింగ్‌కు పేరుమోసిన అమెరికా దర్శకుడు గ్రిఫిత్ దర్శకుడయ్యింది ఆ తర్వాత మూడేళ్లకు.

దీనికైన ఖర్చు 7 పౌండ్ల 13 షిల్లింగుల 9 పెన్నీలు. దాదాపు 400 ప్రింట్లు అమ్ముడయ్యాయి. నెగెటివ్ అరిగిపోతే సినిమా మొత్తాన్ని మళ్లీ తీశారు, అలా రెండుసార్లు.

అదే మనిషి 1923లో ‘కమిన్ త్రూ ద రై’ తీశారు. ఆల్మా టేలర్ నాయిక. తోటలు, రై (గోధుమలాంటి ధాన్యం) చేను, వాటి మీద పడే వెలుగు చూస్తే కళ్లు తిప్పుకోలేం. కానీ షాటు మారేచోట తెర నెమ్మదిగా చీకటై, మళ్లీ నెమ్మదిగా తేరుకుంటుంది. ఉన్నట్టుండి షాటు మారితే చూసేవాడి కన్ను ఉలిక్కిపడుతుందని ఆయన గట్టిగా నమ్మారు. నా దృష్టిలో అది చేతకానితనం కాదు, ఫొటోగ్రాఫర్ మనసు. ఒక్కో దృశ్యాన్నీ పటం కట్టి గోడకు తగిలించాలనుకున్నారు. ఈలోగా ప్రేక్షకుడు పరుగు నేర్చుకున్నాడు. ఆ పరుగు అలవాటు చేసినవాళ్లలో రోవర్ ఒకడు కావడమే నన్ను బాధపెట్టే విషయం.

విస్తరణ కోసం షేర్లు అమ్మకానికి పెడితే కొనేవాళ్లు కరువయ్యారు. 1924లో కంపెనీ దివాలా తీసింది. అప్పులు తీర్చడానికి ఆస్తుల్ని స్వాధీనం చేసుకున్న అధికారి (రిసీవర్) ఆయన నెగెటివ్‌లను వెండి కోసం కరిగించడానికి అమ్మేశాడు. ఫిల్ము పూతలో ఉండే ఆ కాస్త వెండి కోసం పాతికేళ్ల పని పోయింది. ఈ కోత మనకూ తెలుసు. రఘుపతి ప్రకాష్ 1921లో తీసిన ‘భీష్మ ప్రతిజ్ఞ’ ఇవాళ చూద్దామంటే ఎక్కడా లేదు.

తర్వాత హెప్‌వర్త్ ఇతరుల సినిమాలకు ట్రైలర్లు తయారుచేస్తూ గడిపారు. 1953లో కన్నుమూశారు.

రోవర్ సినిమా ఎలా మిగిలిందంటే, 1905లో ప్రింట్లు అద్దెకిచ్చేవాళ్లు కాదు, నేరుగా అమ్మేసేవాళ్లు. కొన్న ప్రదర్శకులు సంతల్లో, హాళ్లలో ఆడించుకుంటూ ఊరూరా తిప్పారు. రిసీవర్ తాళం వేసిన గదిలో ఆ ప్రింట్లు లేవు.