ఏం కాదులే గారికి ఒక బహిరంగ లేఖ

టెక్సాస్,
ఆదివారం మధ్యాహ్నం.

శ్రీయుత ఏం కాదులే గారికి,

నమస్కరించి వ్రాయునది. ఇక్కడ అందరం క్షేమం అని రాద్దామంటే పొద్దున్నే ఒకాయన విమానం తోక కాలింది. మీరు మాత్రం క్షేమంగానే ఉండి ఉంటారు. కాలేది ఎప్పుడూ పక్కవాళ్ళదే కదా.

మీరెవరో నాకు కొత్తగా ఎవరూ చెప్పక్కర్లేదు. హెల్మెట్‌ని మోచేతికి తగిలించుకుని బండి నడిపే కుర్రాడి వెనక సీట్లో మిమ్మల్ని చూశాను. గ్యాస్ పైపు పగుళ్ళిచ్చిందంటే ఇంకో ఆర్నెల్లు లాగేద్దామనే వంటింట్లోనూ చూశాను. దేశం దాటాం కాబట్టి మీ పీడ వదిలిందనుకున్నాం. తీరా చూస్తే ఎండకు గడ్డంతా ఎండిపోయిన మా మోడల్ విమానాల ఫీల్డులో, టెంటు కింద మడత కుర్చీలో, కాలు మీద కాలేసుకుని కూర్చున్నారు. మా అందరి వీసాలకీ ఏళ్ళు పట్టింది. మీకెవరు స్టాంపు వేశారో!

ఈ ఉత్తరం చదివేవాళ్ళలో మోడల్ జెట్ చూడనివాళ్ళుంటారు, వాళ్ళ కోసం రెండు ముక్కలు. ఇది పిల్లలాడుకునే ప్లాస్టిక్ బొమ్మ కాదు. ఆరేడు అడుగుల విమానం, దాని కడుపులో నిజమైన గ్యాస్ టర్బైన్. రెండు చేతుల్లో ఇమిడే ఇంజన్ అది. కిరోసిన్‌తోనో, పెద్ద విమానాలు వాడే జెట్ ఎ1 ఇంధనంతోనో నడుస్తుంది. బేరింగుల కోసం అందులో సుమారు 5 శాతం నూనె కలుపుతారు. ఊరికే ఐడిల్‌లో ఉన్నప్పుడే నిమిషానికి 30 వేల పైచిలుకు చుట్లు తిరుగుతుంది, థ్రాటిల్ పూర్తిగా ఇస్తే చాలా ఇంజన్లు లక్ష దాటుతాయి. వెనక నుంచి వచ్చే గాలి వేడి 500 నుంచి 700 డిగ్రీల సెల్సియస్. ఆ గాలికి బెత్తెడు దూరంలో ఉండే తోకని ఫైబర్‌తోనో, బాల్సా అనే తేలిక కర్రతోనో చేసి, ఎపాక్సీ రెసిన్ అనే జిగురుతో అతికిస్తారు. మామూలు గది వేడిలో గట్టిపడిన ఎపాక్సీ 60, 70 డిగ్రీలకే మెత్తబడడం మొదలెడుతుంది. కొందరు పైన అంటించే రంగు ఫిల్మ్ అయితే ఇస్త్రీపెట్టె తగిలితే ముడుచుకోవడానికే పుట్టింది.

ఇలాంటి ఇంజన్‌ని సొంతంగా చేసుకోవచ్చని చూపించినవాళ్ళలో ముందు చెప్పుకోవాల్సింది జర్మనీకి చెందిన కుర్ట్ ష్రెక్‌లింగ్ గారిని. 1980ల చివర్లో ఆయన గాలిని లోపలికి కుక్కే కంప్రెసర్ చక్రాన్ని ప్లైవుడ్‌తో చేశారు. అవునండీ, చెక్కతోనే. వెనకున్న టర్బైన్ చక్రం మాత్రం లోహం. ఏ భాగం ఎంత వేడెక్కుతుందో లెక్క వేసుకున్న మనిషి ధైర్యం అది. జెట్ ఇంజన్‌లో చెక్క పెట్టిన ఆయన దగ్గర కూడా మీకు ఉద్యోగం దొరకలేదు. మా దగ్గర మాత్రం పర్మనెంట్ అయిపోయారు.

ఇక అసలు సంగతికి వస్తాను. తోక కాలిన పెద్దాయన హకీంపేట దగ్గర పెరిగారు. చిన్నప్పుడు నెత్తి మీద నుంచి కిరణ్ శిక్షణ విమానాలు పోతుంటే క్లాసు వదిలేసి బయటికి పరిగెత్తిన రకం. ఆ కిరణ్‌లతోనే 1996లో బీదర్‌లో మన వైమానిక దళ విన్యాసాల బృందం సూర్యకిరణ్ మొదలైంది, ఇప్పుడు వాళ్ళు హాక్ విమానాలు నడుపుతున్నారు. అందుకని ఈయన కూడా ఒక మోడల్ హాక్ కొని, చలికాలమంతా గరాజ్‌లో కూర్చుని, దానికి సూర్యకిరణ్ ఎరుపు, తెలుపు రంగులు వేశారు. హాక్‌కి ఒక సొగసుంది. దాని తోక రెక్కలు అడ్డంగా తిన్నగా ఉండవు, చివరలు కిందికి వాలి ఉంటాయి. చూడడానికి బావుంటుంది. కింద మంట పుట్టినప్పుడు అంత బావుండదు.

"అన్నయ్యా, మంట తగలకుండా తోక కింద రేకు పెట్టమంటారా?" అన్నాను.

"ఏం కాదులే తమ్ముడూ, పది సెకన్లేగా" అన్నారు. నోరు ఆయనది, గొంతు మీది.

బటన్ నొక్కారు. స్టార్టర్ మోటార్ సన్నగా ఈల వేసింది. మంట అంటించే గ్లో ప్లగ్ ఎర్రబడింది, పంపు టిక్కు టిక్కుమంటూ కిరోసిన్ పంపడం మొదలెట్టింది. ఈ పది సెకన్ల గురించి మీకు కాస్త విడమరచి చెప్పాలి. ఇంజన్ లోపల ఇంధనాన్ని ఆవిరి చేసే సన్నటి గొట్టాలుంటాయి. అవి కాగితే కిరోసిన్ ఆవిరై లోపలే శుభ్రంగా కాలిపోతుంది. కాగనంతసేపూ కొంత కిరోసిన్ తడిగానే అంటుకుని, మండుతూ టర్బైన్‌ని దాటి బయటికొస్తుంది. అప్పటికి చక్రం ఇంకా వేగం అందుకోలేదు కాబట్టి, దాన్ని తిన్నగా వెనక్కి తోసేంత గాలి ఉండదు. విమానం ఎగిరేటప్పుడు వేడి గాలి బాణంలా దూసుకుపోతూ, తనతో పాటు చుట్టుపక్కల చల్లగాలిని కూడా తను బయటికి పోయే స్టీలు గొట్టం చుట్టూ లాక్కుపోతుంది. విమానం ఒంటికి చలవ చేసేది ఆ గాలే. స్టార్టింగ్‌లో ఆ లాగుడు లేదు. మంట బద్ధకంగా బయటికొచ్చి, తన ఇష్టమొచ్చినట్టు పైకి లేస్తుంది. పైన ఏముంటుంది? తోక.

దానికి తోడు ముక్కు గాలికి ఎదురుగా పెట్టాల్సిన విమానాన్ని, టెంటు నీడ అటుందని తోక గాలివైపు తిప్పి పెట్టారు. నీడలో పెట్టమన్నది కూడా మీరే అయ్యుంటారు. వెనక నుంచి వీచిన గాలికి మంట మళ్ళీ గొట్టం వైపే ఒరిగింది. పసుపు రంగు మంట, మూరెడుంటుంది, ఎడమ తోక రెక్క అడుగును నిదానంగా తడిమింది. తర్వాత ఇంజన్ గర్రుమని అందుకుంది, మంట మాయమైంది. అంతా పది పదిహేను సెకన్లే. ఆ లెక్క వరకూ మీరు కరెక్టే.

వెంటనే చిన్న స్క్రీన్ మీద 'రన్నింగ్' అని వచ్చింది. పెద్దాయన మొహం వెలిగిపోయింది. ఈసీయూ అనే ఆ చిన్న కంప్యూటర్ ఉంది చూశారూ, మీ ప్రాణ స్నేహితుడు, అది కాపలా కాసేది ఇంజన్‌కి. ఇంజన్ వెనక, వేడి గాలి బయటికొచ్చే చోట ఒక సెన్సర్ పెట్టుకుని, వేడి హద్దు దాటితే తనే ఆపేస్తుంది. తోకకి ఎవరూ సెన్సర్ పెట్టలేదు. కాబట్టి తోక తగలబడుతున్నా ఈసీయూ లెక్కలో అంతా సవ్యమే. లిఫ్టు వాచ్‌మన్‌ని అపార్టుమెంట్ సంగతి అడిగితే, "లిఫ్టు నడుస్తోంది సార్" అంటాడు. అదీ వరస.

ఇంజన్ ఆపి చూశాం. తెల్ల రంగు గోధుమ రంగుకు మారింది, పెయింటు అప్పడంలా బుడగలు పొంగింది. బొటనవేలితో నొక్కితే కింద ఫైబర్ లోపలికి పోతోంది. అంటే లోపలి పొరలు విడిపోయాయి. పొరలు విడిపోయిన తోకతో గంటకి రెండొందల కిలోమీటర్ల పైన ఎగిరితే ఏమవుతుందో మిమ్మల్నే అడగాలి. వద్దులెండి, మీ జవాబు నాకు తెలుసు.

మీ వాదనలు కూడా తెలుసు. పోయినసారి ఏం కాలేదుగా అంటారు. అయింది, మీకు కనబడలేదు. మెత్తబడ్డ రెసిన్ తన బరువుకే కొద్దిగా జారి, చల్లారాక ఆ వంకరలోనే బిగుసుకుంటుంది. వేసవిలో పొద్దున్నే 35 డిగ్రీల ఎండలో ముదురు రంగు తోక మంట తగలకముందే కాగి ఉంటుంది. దాని ఓపిక అక్కడికే సగం ఖర్చయిపోయింది. తోక అడుగున వేడి తగిలితే రంగు మారి, మళ్ళీ మామూలు కాని స్టిక్కర్లు అమ్ముతారు. ఒకటి అంటించి చూడండి, పోయినసారి ఏం కాలేదో అదే చెబుతుంది.

ఇంజన్‌కి రెండు మూడు వేల డాలర్లు పోశాం, ఇంకా రేకేంటి అని కూడా అంటారు. ఈ వాదన నాకు నిజంగా నచ్చింది. పదివేల ఫోన్‌కి వంద రూపాయల కవరు కొనకుండా బతకలేని జాతి మనది.

మీ అసలు ప్రతాపం మాత్రం ఇందులో లేదు. ఇంజన్ మొదటిసారి అంటుకోకపోతే చూపిస్తారు. "ఏం కాదులే, ఇంకోసారి నొక్కు!" మొదటిసారి పంపిన కిరోసిన్ ఎక్కడికి పోయింది? ఎక్కడికీ పోలేదు, ఇంజన్ లోపలే మడుగు కట్టింది. రెండోసారి నొక్కితే అదీ, కొత్తదీ కలిసి అంటుకుంటాయి. అప్పుడొచ్చేది మూరెడు కాదు, బారెడు మంట. తోకతో ఆగదు, కింద ఎండుగడ్డి కూడా ఉంది. ఆగి, విమానాన్ని వంచి లోపలున్న ఇంధనం కార్చేసి, గుడ్డతో తుడిచి, ఎందుకు అంటుకోలేదో చూడాలి. చాలాసార్లు బ్యాటరీ నీరసమో, గ్లో ప్లగ్ పోవడమో కారణం. ఈ పనికి పావుగంట పడుతుంది. ఆ పావుగంట మీ దగ్గర ఎప్పుడూ ఉండదు. కాలిన తోకకి మళ్ళీ ఫైబర్ వేసి, పుట్టీ పెట్టి, రుద్ది, రంగు కొట్టడానికి మాత్రం వారాలకు వారాలు ఎక్కడ దొరుకుతాయో.

మిమ్మల్ని తిట్టి వదిలేయడం నా ఉద్దేశం కాదు. ఏం చేస్తే మీకు పని లేకుండా పోతుందో కూడా చెబుతాను. పల్చటి అల్యూమినియం రేకు కత్తిరించి, తోక అడుగుకి సరిపడా వంచి, రేకుకీ తోకకీ మధ్య వేలు పట్టేంత సందు వదిలి తగిలించాలి. సందు లేకుండా అతికిస్తే రేకు కాగి ఆ వేడి తోకకే అప్పజెబుతుంది, పెట్టి దండగ. దానికి ఎర్ర రిబ్బన్ కట్టాలి, తీయడం మర్చిపోయి ఎగరేసే మహానుభావులున్నారు. ముక్కు గాలికి ఎదురుగా ఉండాలి. రిమోట్‌తో ఎలివేటర్‌ని, అంటే తోక మీద పైకీ కిందికీ కదిలే పలకని, మంట దారిలోంచి తప్పించి పట్టుకోవాలి. కింద గడ్డి ఉంటే తడపాలి, లేదా చదునైన సిమెంటు మీదకి మార్చాలి. చూసేవాళ్ళు ఇంజన్‌కి సరిగ్గా పక్కన, చక్రం తిరిగే వరసలో నిలబడకూడదు. తోక వైపు ఒక మనిషి మంటనే చూస్తూ ఉండాలి, ఫోన్‌లో వీడియో తీస్తూ కాదు. ఇంజన్ ఆపాక కూడా ఈసీయూ స్టార్టర్‌ని తిప్పుతూ లోపలి వేడిని సుమారు 100 డిగ్రీలకు దించుతుంది. అది అయ్యేదాకా బ్యాటరీ పీకకూడదు. పీకితే ఆ వేడంతా విమానం కడుపులోకే పాకుతుంది. ఇందులో బ్రహ్మవిద్య ఏదీ లేదు. అందుకే మీకు నచ్చదు.

అమెరికాలో మోడల్ విమానాల సంస్థ ఏఎంఏ టర్బైన్ ఎగరేసేవాళ్ళకి విడిగా అనుమతి పెట్టింది, మంట ఆర్పే సిలిండర్ దగ్గరుండాలని రూలు రాసింది. పెద్దాయన అనుమతి కాగితం ప్లాస్టిక్ కవర్లో భద్రంగా ఉంది. సిలిండర్ కూడా ఉంది, కారు డిక్కీలో, ఐస్ బాక్సు కింద, దాని మీద సమోసాల డబ్బా. అంత పద్ధతిగా సర్దింది ఎవరో పేరు రాయను.

వచ్చే ఆదివారం ఆయన ఇంకో విమానం తెస్తున్నారట. మీరు ఎలాగూ వస్తారు, రావద్దంటే మానేవారు కాదు. కుర్చీ టెంటు కింద వేయం. తోక వెనక వేస్తాం. పది సెకన్లేగా, ఏం కాదులెండి.

ఇట్లు,
రేకు పట్టుకుని నిలబడ్డవాడు.

తా.క.: డిక్కీలో సిలిండర్ మార్చమని ఆయనకి చెప్పాను. అందులో ఉన్నది పొడి. అది టర్బైన్ పీల్చుకుంటే మంట ఆరుతుంది కానీ ఇంజన్ కూడా పోతుంది, కార్బన్ డయాక్సైడ్‌ది తెచ్చుకోండి అన్నాను. ఆయన "నిజమే తమ్ముడూ" అని, రెండు క్షణాలు ఆలోచించి, మీ వైపు చూశారు.